ఆదివారాల్లో గోడ కడతారా? ముందు ఎర్ర ఇటుకను మర్చిపోండి

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర. కొత్తగా కట్టుకున్న ఇంటికి మూడు వైపులా ప్రహరీ ఉంది, వెనక మాత్రం లేదు. 33 అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు గోడ పెట్టాలి. నేల నల్లరేగడి. మేస్త్రి కూలీకే 22 వేలు అడిగాడు. పైగా పిల్లర్లు అక్కర్లేదు, అడుగున్నర తవ్వి నాలుగంగుళాల సిమెంటు ఇటుక పెట్టేద్దాం అంటున్నాడు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఫోన్లో వీడియోలు చూశాక ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం కూర్చుంటే నేనే కట్టుకోవచ్చనిపిస్తోంది. మా మావగారు ఈ మాట వింటే నవ్వుతున్నారు. ఎన్ని ఇటుకలు పడతాయి? నాలుగంగుళాలదా, ఆరంగుళాలదా? ఇటుకలు ఎంతసేపు నానబెట్టాలి? రోజుకు ఎంత ఎత్తు కట్టొచ్చు? వెనక ఖాళీ స్థలం ఆయన హైదరాబాదులో ఉంటారు, ఆయనకు చెప్పాలా?

సమాధానం: కట్టుకోవచ్చండి. మావగారి నవ్వులో కొంత న్యాయం ఉంది గానీ, మీరు అనుకున్నది జరగని పనేమీ కాదు. అయితే మీ ప్రశ్నల్లో ఒకదాని దగ్గర నేను ఆగిపోయాను. ఇటుకలు ఎంతసేపు నానబెట్టాలి అన్నారు చూడండి, అక్కడ. నానబెట్టకూడదు. ఒక్క నిమిషం కూడా.

మనందరివీ ఎర్ర ఇటుకతో పెరిగిన చేతులు. కాల్చిన మట్టి ఇటుకకు దాహం ఎక్కువ. తొట్టిలో ముంచి తీయకపోతే మాలులో, అంటే సిమెంటు ఇసుక కలిపిన ముద్దలో, ఉన్న నీళ్ళన్నీ తాగేస్తుంది, సిమెంటు బిగవడానికి తడి మిగలదు. అందుకని ముందురోజే నానబెట్టడం మన మేస్త్రీలకు రక్తంలో ఉంది. సిమెంటు ఇటుక స్వభావం వేరు. తడిస్తే కంటికి కనపడనంత ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నానిన ఇటుకను గోడలో పెట్టారంటే అది గోడలో ఉండగానే ఆరాలి, ముడుచుకోవాలి. కదలడానికి చోటుండదు కాబట్టి చీలుతుంది. మా పెరట్లో స్నానాల గది గోడకు నేనే దగ్గరుండి డ్రమ్ములో ఇటుకలు ముంచి ఇప్పించాను. మేస్త్రి వద్దనలేదు, నేను అడగలేదు. రెండు నెలలకు మెట్లు మెట్లుగా బీట మొదలై కిటికీ దాకా ఎక్కింది. అది ఇప్పటికీ ఉంది, రంగు వేసిన ప్రతిసారీ మళ్ళీ బయటికొస్తుంది. మీరు చేయాల్సింది ఇంతే: ఎండ బాగా ఉన్నరోజు, మాలు తగిలే పైముఖాన్ని, పక్కముఖాలను తడిగుడ్డతోనో బ్రష్షుతోనో ఒకసారి తుడవడం. వాన పడేలా ఉంటే ఇటుకల గుట్ట మీద పట్టా కప్పడం.

ఇదే కారణంతో పచ్చి సరుకు కొనకండి. ఇటుకలు తయారుచేసే యార్డులో పోసి నిండా పదిరోజులు కాని ఇటుకలను కూడా లారీకి ఎత్తేస్తుంటారు. యార్డువాళ్ళే బాగా తడిపి, తర్వాత ఆరబెట్టి, పోసిన దగ్గర్నుంచి నెల దాటిన సరుకైతేనే తీసుకోండి. ముదురు బూడిద రంగులో, చేయి పెడితే చల్లగా తగిలితే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఆరిన ఇటుక తెల్లబారుతుంది. రెండింటిని ఒకదానికొకటి తట్టండి, ఖణేల్‌మనాలి. మూలను బొటనవేలితో గట్టిగా నొక్కితే రాలిపోతోందంటే అది మీ డబ్బు రాలుతున్నట్టే, వెనక్కి పంపేయండి.

ఇక మీ మేస్త్రి చెప్పిన అడుగున్నర పునాది సంగతి. కూలీ విషయంలో నేను వేలు పెట్టను, అది మీ ఊరి రేటు. కానీ రేగడి నేలలో అడుగున్నర తవ్వి పైన గోడ పెట్టడమంటే పడవలో గోడ కట్టడమే. ఆ నేల వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో నోళ్ళు తెరుస్తుంది. మే నెలలో మీ పెరట్లో పడిన పగులులోకి ఒక సన్న ఊచ దింపి చూడండి, ఎంత దూరం పోతుందో. రెంటచింతల ఎండలు కాచే జిల్లా మీది. ఆ పగుళ్ళు ఎంత లోతుకు పోతాయో, గోడ కాళ్ళు అంతకన్నా కిందకు దిగాలి. మామూలుగా నాలుగైదు అడుగులు, లేదంటే గట్టి పొర తగిలేదాకా. గోడ పొడవంతా అంత లోతు తవ్వక్కర్లేదు, పిల్లర్ల దగ్గర మాత్రమే గుంటలు. రెండు చివర్లతో కలిపి అయిదు పిల్లర్లు చాలు. పిల్లరు నుంచి పిల్లరుకు నేలమట్టాన తొమ్మిదంగుళాల బీము. ఆ బీము నేలకు ఆనకూడదు, కింద మూడంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే మట్టి ఉబ్బినప్పుడు బీమును పైకి ఎత్తుతుంది. ఇసుక పరిచి, పైన ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద బీము పోసి, గట్టిపడ్డాక ఆ ఇసుకను లాగేస్తారు. ఖాళీలో పాములు చేరతాయంటారు ఇంట్లోవాళ్ళు. నిజమే, చేరతాయి. రెండు పక్కలా ఇటుకలు నిలువుగా ఆనించి మూసేయండి.

గుంటలు, ఊచలు, బీము, పిల్లర్ల కాంక్రీటు. ఇవి మీరు చేయొద్దు. ఇది నా గట్టి మాట. ఊచ కట్టడంలో, కాంక్రీటులో తప్పు జరిగితే పైకి కనపడదు, గోడ మీద పడ్డప్పుడే తెలుస్తుంది. ఆ పనికి మేస్త్రిని, కాంక్రీటు పోయడానికి అచ్చు బిగించే సెంట్రింగ్ వాళ్ళను పెట్టుకోండి. ఈ మేస్త్రి వినకపోతే ఇంకో మేస్త్రి. ఇటుక వరసలు మాత్రం మీవి. అక్కడ తప్పు జరిగితే అప్పుడే కనిపిస్తుంది, తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

నాలుగంగుళాల ఇటుక గదుల మధ్య అడ్డుగోడలకు బాగుంటుంది. బయట, పైన కప్పు లేకుండా ఒంటరిగా నిలబడే గోడకు ఆరంగుళాలదే తీసుకోండి. మీ వెనక స్థలం ఖాళీ అన్నారు, అంటే అక్కడ గేదెలు తిరుగుతాయి. గేదె వీపు గోక్కోవడానికి ఆనుకుంటే నాలుగంగుళాల గోడ ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించండి.

లెక్క చూద్దాం. 16, 8, 6 అంగుళాలు అని అమ్మే ఇటుక నిజానికి 400, 200, 150 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇటుకల మధ్య మాలు అతుకు పది మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలు మందం. ఏడు వరసలు పెడితే నాలుగడుగుల పది అంగుళాలు వస్తుంది, పైన కాంక్రీటు పట్టీ వేస్తే మీ అయిదడుగులు. అయిదు పిల్లర్లు తొమ్మిదేసి అంగుళాలు తీసేస్తే మధ్యలో నాలుగు ఖాళీలు, ఒక్కోటి దాదాపు ఏడడుగుల నాలుగంగుళాలు. దాంట్లో అయిదు నిండు ఇటుకలు, ఒక ఏడంగుళాల ముక్క పడతాయి. ఈ ముక్క మీకు వరం. మొదటి వరసలో ముక్కను ఎడమ చివర పెట్టండి, రెండో వరసలో కుడి చివర, మూడో వరసలో మళ్ళీ ఎడమ. కింది అతుకు మీద పై ఇటుక నడుము వచ్చి కూర్చుంటుంది, గోడ దానంతటదే అల్లుకుంటుంది. మొత్తం 140 నిండు ఇటుకలు, 28 ముక్కలు. ఒక ఇటుకకు రెండు ముక్కలు వస్తాయి కాబట్టి 154. విరిగేవి కలుపుకుని 165 చెప్పండి. ఒక్కోటి 25 కిలోల దాకా ఉంటుంది. అంటే నాలుగు టన్నులకు దగ్గర, అదీ ప్రతి ఇటుకనూ రెండేసిసార్లు ఎత్తాలి. కాబట్టి గేటు దగ్గర దింపించుకుని తర్వాత మోసుకుందాం అనుకోకండి, గోడ వచ్చే గీత పక్కనే దింపించండి. ఈ లెక్కంతా కాగితం మీదది. పిల్లర్ల ఊచలు లేచాక టేపు పెట్టి ఒక్కో ఖాళీనీ కొలిచి, అప్పుడే ముక్కలు కోయండి.

మాలు దగ్గర మరో ఎర్ర ఇటుక అలవాటు అడ్డం వస్తుంది. నా గోడ కదా అని సిమెంటు ఎక్కువ కలపాలనిపిస్తుంది. వద్దు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఇసుక. మాలు ఇటుక కన్నా గట్టిగా ఉంటే, గోడ ఎప్పుడైనా కాస్త కదిలినప్పుడు బీట ఇటుకలోంచి పోతుంది. మాలు మెత్తగా ఉంటే సన్న జుట్టులాంటి గీత అతుకులో వచ్చి ఆగిపోతుంది, దాన్ని పూడ్చుకోవచ్చు. ఈ గోడ అతుకులకు లెక్క ప్రకారం ఒక్క బస్తా సిమెంటు చాలు. కొత్త చేతులు ఒలకబోసేది కూడా చూసుకుని రెండు తెచ్చుకోండి. ఇసుకను ముందు ఒక సీసాలో సగం దాకా పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి ఊపి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద పేరుకున్న బురద పొర, ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా మార్చాలి. రాతి ఇసుక వాడితే కట్టుబడికని అడిగి తెచ్చుకోండి. రాయి కొట్టగా మిగిలే దుమ్మును, అంటే క్రషర్ డస్టును, అదే పేరుతో అంటగడతారు.

కలపడం రెండు లీటర్ల డబ్బాతో. ఒక డబ్బా సిమెంటు, ఆరు డబ్బాల ఇసుక, పొడిగా రంగు ఒకటయ్యేదాకా తిరగెయ్యండి, తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా. దోసెల పిండిలా జారకూడదు, గారెల పిండిలా ముద్ద నిలవాలి. ఇది ఎనిమిది తొమ్మిది ఇటుకలకు వస్తుంది. కొత్తవాళ్ళకు గంట పని అంతే. మాలు బిగుసుకున్నాక నీళ్ళు పోసి మళ్ళీ కలిపి వాడటం మన దగ్గర మామూలే, చూస్తూనే ఉంటాం. అది ఇక పట్టదు, పారెయ్యండి. పిడుగురాళ్ళ మీకు పక్కనే కాబట్టి ఒక చిట్కా: మంచి పొడి సున్నం దొరికితే సిమెంటుతో సమానంగా ఒక పాలు కలపండి, ఇసుక అదే ఆరు పాళ్ళు. తాపీ కింద మాలు వెన్నలా పరుచుకుంటుంది, త్వరగా ఆరిపోదు. కళ్ళలో పడకుండా మాత్రం చూసుకోండి.

మొదటి ఆదివారం ఒకే ఒక్క వరస పెట్టండి. ఇరవై ఇటుకలు, నాలుగు ముక్కలు. పొద్దస్తమానం పట్టినా సిగ్గుపడక్కర్లేదు, ఎందుకంటే మిగతా ఆరు వరసలూ దీని తప్పునే మోస్తాయి. ముందు మాలు లేకుండా బీము మీద ఇటుకలు పేర్చి చూసుకోండి, అతుకుల దగ్గర చిటికెన వేలు పెట్టి. కుదిరాక తీసేయండి. నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబుతో రెండు చివరి పిల్లర్ల ఊచల మీద ఒకే మట్టం గుర్తు పెట్టండి. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా అది అబద్ధం చెబుతుంది. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్ళు సమానంగా ఉన్నాయో లేదో చూశాకే నమ్మండి. ఒక్కో ఖాళీలో రెండు చివరి ఇటుకలు ముందు పెట్టి, వాటి మధ్య దారం లాగి, మిగతావి నింపాలి. ఇటుక దారాన్ని తాకకూడదు, పోస్టుకార్డు మందం ఎడం ఉండాలి. తాకిందంటే దారం ఒంగుతుంది, దాని వెంబడి గోడా ఒంగుతుంది.

ఇటుక పెట్టేటప్పుడు ఒక సంగతి. కింద మాలు అందరూ పరుస్తారు. పక్క ముఖానికి మాలు రాసి పెట్టేవాళ్ళు తక్కువ. ఇటుకలు పక్కపక్కన పెట్టేసి, సందులో పైనుంచి తాపీ కొసతో పొడుస్తారు. పైపైన నిండినట్టు ఉంటుంది, లోపల బోలు. ఇటుకను నిలువుగా నిలబెట్టి, పైకొచ్చిన ముఖం అంచులకు రెండు పక్కలా మాలు నొక్కి, అప్పుడు ఎత్తి పెట్టి పక్కదాని వైపు జరపండి. తాపీ పిడితో రెండు దెబ్బలు, అంతే. పెట్టిన అయిదు నిమిషాలకు కొంచెం వంకరగా అనిపిస్తే చేత్తో సర్దకండి. బిగుస్తున్న అతుకు అప్పుడే విడిపోతుంది. ఇటుక తీసి, పాత మాలు గీకేసి, కొత్త మాలుతో పెట్టుకోండి. సాయంత్రం చీకటి పడ్డాక గోడకు అటు పక్క ఫోన్ లైటు వేసి ఇటు నుంచి చూడండి. వెలుతురు కనిపించిన చోటల్లా మీరు బద్దకించినట్టు.

రెండోసారి కూర్చున్నప్పుడు నాలుగో వరస దాకా పోవచ్చు, ఆపైన ఆ రోజుకు వద్దు. రోజుకు మూడడుగులు దాటితే కింది పచ్చి అతుకులు బరువుకు నలిగి గోడ పొట్ట పెడుతుంది. నాలుగు వరసలయ్యాక ఆగి, అక్కడిదాకా పిల్లర్లు పోయించండి. గోడ ముందు లేచి పిల్లరు తర్వాత పోస్తే కాంక్రీటు ఇటుక అంచులను పట్టుకుంటుంది, సెంట్రింగ్ కూడా రెండు వైపులే కావాలి. తర్వాత మూడు వరసలు, మళ్ళీ పిల్లర్లు. అయిదడుగుల గోడను పిల్లర్లు లేకుండా గాలికి నిలబెట్టి వారం రోజులు ఆఫీసుకు పోవద్దు. గోడ నిటారుగా ఉందో లేదో ప్రతి వరసకూ తూకం గుండు వేసి చూడండి, విసుగొచ్చినా సరే. ప్లాస్టరింగ్ చేయించేట్టయితే అదే రోజు సాయంత్రం అతుకులను అరంగుళం లోతుకు గీకి ఉంచండి. సిమెంటు ఇటుక ఎలాగూ గరుకే కాబట్టి ప్లాస్టరింగ్ బాగా పడుతుంది.

నీళ్ళు కొట్టడం మీద మీ ఇంట్లో గొడవ ఖాయం, ఎందుకంటే ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. బీముకు, పిల్లర్లకు గోనె సంచులు చుట్టి కనీసం పదిరోజులు తడి ఆరకుండా చూడాలి, మీ ఎండలకు రెండు వారాలైతే మంచిది. గోడకు మాత్రం పైపు పెట్టి వరద పారించకండి. వారం పాటు పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక అతుకులు తడిసేలా చిలకరిస్తే చాలు. కారణం పైన చెప్పిందే.

ఖాళీ స్థలంలో వాననీళ్ళు నిలుస్తాయా అన్నది మీరు రాయలేదు. నిలిచేట్టయితే, లేదా మీ పెరటి నీళ్ళు అటే పోతుంటే, మొదటి వరసలో ఆరడుగులకొకటి చొప్పున రెండంగుళాల పైపు ముక్కలు పెట్టండి. ఇది ప్రహరీయే గానీ కట్ట కాదు. ఎవరో మొరం తోలించారని గోడకు ఆనించి రెండడుగులు మట్టి పోస్తే, మొదటి పెద్ద వానకు అది పడుకుంటుంది.

చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు. తడి సిమెంటు గంటల తరబడి చర్మాన్ని అంటుకుని ఉంటే కాలుస్తుంది, మంట తెలిసేసరికే ఆలస్యమవుతుంది. ముక్కలు కటింగ్ మిషన్‌తో కోస్తారేమో, నీళ్ళు పోస్తూ కోయండి, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు, కళ్ళకు అద్దాలు. తువ్వాలు కట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. ముక్కలు కోయడం మేస్త్రి చేతే చేయించినా తప్పు లేదు.

ఆఖరిది, స్థలం ఆయన సంగతి. గునపం దించకముందే చెప్పాలి. మర్యాద కోసమే కాదు. పిల్లరు కింద మూడడుగుల చదరం కాంక్రీటు పడుతుంది. గోడ మీ హద్దు మీద ఉంటే, అందులో సగం నేల అడుగున ఆయన స్థలంలోకి పోతుంది. రేపు ఆయన ఇల్లు కట్టుకునేటప్పుడు తవ్వితే బయటపడుతుంది, అప్పుడు మాటా మాటా పెరుగుతుంది. రెండు దారులున్నాయి. పిల్లరును పునాది మధ్యలో కాకుండా అంచున వచ్చేలా వేయించి మొత్తం మీ హద్దులోనే ఉంచుకోవడం, దీనికి మేస్త్రి అంచనా చాలదు, ఒక ఇంజనీరు చేత గీయించుకోండి. లేదంటే ఆయనకు ఫోన్ చేసి, హద్దు రాళ్ళ ఫొటోలు పంపి, గోడ ఇద్దరిదీ అని కాగితం మీద రాసుకుని నడి హద్దు మీద కట్టడం. హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఊళ్ళో స్థలానికి ఒక వైపు ఊరికే గోడ వస్తుందంటే సంతోషంగానే ఉంటుంది. సంతోషంలో ఉండగానే ఇటుకల డబ్బులో సగం అడగండి.